గోరంట్ల పోయింది, నల్లమాడ పోయింది, మనకు మాత్రం మడకశిర చాలంట!



2009కి ముందు ఓటేసిన మీ ఇంటి పెద్దల్ని అడగండి. పుట్టపర్తి అనే ఎమ్మెల్యే సీటే అప్పుడు లేదని చెప్తారు. గోరంట్ల ఉండేది, నల్లమాడ ఉండేది. 2008 పునర్విభజనలో రెండూ రద్దయిపోయినాయి. నల్లమాడ, బుక్కపట్నం, కొత్తచెరువు, పుట్టపర్తి, ఓబుళదేవరచెరువు, ఆమడగూరు మండలాలు కలిపి పుట్టపర్తి సీటు చేశారు. గోరంట్ల మండలం పెనుకొండలో కలిసింది.

సీటు రద్దయితే నాయకుడు రోడ్డున పడతాడా? పడడు. 1999లో నల్లమాడలో గెలిచిన పల్లె రఘునాథరెడ్డి 2009లో పుట్టపర్తిలో గెలిచారు, 2014లో మళ్లీ గెలిచారు. 2019లో దుద్దుకుంట శ్రీధర్ రెడ్డి. 2024లో పల్లె ఇంటి కోడలు సింధూరారెడ్డి. గోరంట్ల నుంచి అసెంబ్లీకి పోయిన నిమ్మల కిష్టప్ప 2009లో హిందూపురం ఎంపీ అయినారు. అదే పునర్విభజనలో మడకశిర ఎస్సీలకు రిజర్వు అయితే, అక్కడి రఘువీరారెడ్డి కళ్యాణదుర్గం పోయి గెలిచారు. నియోజకవర్గం మాయమైనా పెద్దలకు ఇంకో తలుపు తెరిచే ఉంటుంది. మన పత్రికలు దీన్నే ఎన్నికల చరిత్ర అని రాస్తాయి: ఫలానా వారి కంచుకోట, ఫలానా వారి అడ్డా. ఆ కోట కింద మాలపల్లె, మాదిగవాడ ఎన్ని ఓట్లేసినాయో ఒక్క లైను ఉండదు.

నేను అడిగేది వేరే. ఉమ్మడి అనంతపురం జిల్లాలో 14 అసెంబ్లీ సీట్లు. జనాభా లెక్కల్లో మనం సుమారు 14 శాతం. రిజర్వుడు సీట్లు రెండు, శింగనమల, మడకశిర. లెక్క గీటు గీసినట్టు సరిపోయింది కదా! అక్కడే వచ్చింది చిక్కు. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినాక మన వంతుకు ఆరు సీట్లు, అందులో మడకశిర ఒక్కటే రిజర్వుడు. మిగిలిన ఐదు, అంటే పుట్టపర్తి, ధర్మవరం, కదిరి, పెనుకొండ, హిందూపురం జనరల్. 2009 నుంచి 2024 దాకా నాలుగు ఎన్నికల్లో ఈ ఐదింట్లో గెలిచినవాళ్లలో ఒక్క దళితుడు లేడు.

'జనరల్ సీటు అంటే రెడ్లదే కదన్నా' అని తమ్ముళ్లు అంటుంటారు. అది సగమే నిజం. హిందూపురం లోక్‌సభ చూడండి. 1967లో నీలం సంజీవరెడ్డి గెలిచింది ఇక్కడి నుంచే. తర్వాత పాముదుర్తి బాయపరెడ్డి మూడుసార్లు. ఆ కాలంలో రెడ్ల మాటే చెల్లింది, ఒప్పుకుంటా. కానీ 1989 తర్వాత ఎస్. గంగాధర్, బి.కె. పార్థసారథి, నిజాముద్దీన్, కిష్టప్ప, గోరంట్ల మాధవ్... ఎక్కువసార్లు బీసీలు, ఒకసారి ముస్లిం. సంతోషం. వాళ్ల జనం ఎంతమందో పార్టీలు లెక్కేసుకున్నాయి, టికెట్ ఇచ్చినాయి, జనరల్ సీటు తలుపు తెరుచుకుంది. మనం పోయి అడిగితే జవాబు వేరే వస్తుంది: 'మీకు మడకశిర ఉంది కదప్పా.'

కనీసం ఇంత దక్కాలని రాజ్యాంగం పెట్టిన వాటాను, ఇంతకు మించి దక్కకూడదనే హద్దుగా పార్టీలు మార్చేసినాయి. నా గొడవంతా ఈ మాట గురించే.

పోనీ ఆ మడకశిర అయినా మన చేతిలో ఉందా? 2014లో గెలిచిన ఈరన్న ఎన్నికను అఫిడవిట్ వివరాలు దాచారని 2018లో హైకోర్టు రద్దు చేసింది, తిప్పేస్వామి ఎమ్మెల్యే అయినారు. 2019లో ఆయనే గెలిచారు. 2024 వచ్చేసరికి వైసీపీ ఆయన్ని పక్కనపెట్టి, ఉపాధి హామీ కూలీ అని చెప్పి ఈర లక్కప్పకు టికెట్ ఇచ్చింది. టీడీపీ ముందు ఈరన్న కొడుకు సునీల్ కుమార్ పేరు ప్రకటించి, తర్వాత ఎం.ఎస్. రాజుకు మార్చింది. రాజు 351 ఓట్లతో గెలిచారు. వ్యక్తుల మీద నాకు కోపం లేదు, కూలీకి టికెట్ రావడం మంచిదే. కానీ రెండు పార్టీల్లోనూ పేరు రాసేది, కొట్టేసేది ఎవరు? పూనా ఒప్పందంలో ముందు దళిత ఓటర్లే నలుగురిని ఎన్నుకోవాలనే ఏర్పాటు ఉండేది. రాజ్యాంగంలోకి అది రాలేదు. ఇప్పుడు ఆ ముందటి ఎన్నిక పార్టీ ఆఫీసులో జరుగుతోంది.

ఇక్కడ ఉత్తరాంధ్ర కథ ఒకటి చెప్పాలి. విద్యార్థులు తప్పకుండా చదవాల్సిన కేసు ఇది. 1957లో కొన్ని నియోజకవర్గాలకు ఇద్దరు సభ్యులు ఉండేవారు, ఒకటి రిజర్వుడు, ఒకటి జనరల్. ఓటరుకు రెండు ఓట్లు. పార్వతీపురం లోక్‌సభ అలాంటిదే, ఎస్టీలకు రిజర్వు. ముందు ఎస్టీల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రిజర్వుడు సీటు, తర్వాత మిగిలినవాళ్లలో ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వారికి జనరల్ సీటు. రిజర్వుడు సీటు బి. సత్యనారాయణకు పోయింది. జనరల్ సీటు దిప్పల సూరి దొరకు వచ్చింది. ఆయనా ఆదివాసీయే! ఓడిపోయింది ఎవరనుకున్నారు? కేంద్ర కార్మిక మంత్రిగా చేసి, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి.

గిరి కోర్టుకు పోయారు. రిజర్వుడు సీటుకు నిలబడిన మనిషికి జనరల్ సీటు ఎట్లా ఇస్తారన్నది ఒక వాదన. సూరి దొర క్షత్రియ ఆచారాలు పాటిస్తున్నాడు కాబట్టి ఆయన అసలు ఎస్టీయే కాదన్నది ఇంకో వాదన. మనం గెలిచేదాకా పుట్టుకే కులం, గెలిచినాక మాత్రం ఆచారాన్ని బట్టి కులం! 1959లో సుప్రీంకోర్టు రెండు వాదనలూ కొట్టేసింది. రిజర్వేషన్ ఉన్నవాడు జనరల్ సీటుకూ హక్కుదారే అని తేల్చింది. 1961లో పార్లమెంటు చట్టం చేసి ద్విసభ్య నియోజకవర్గాలనే ఎత్తేసింది. నియోజకవర్గం మరీ పెద్దది, సంభాళించడం కష్టం అన్నారు. సరే, కష్టమే అనుకుందాం. కానీ ఒకే ఎన్నికలో రిజర్వుడు సీటూ, జనరల్ సీటూ రెండూ గెలిచే దారి దాంతోపాటే మూసుకుపోయింది. తీర్పు మాత్రం బతికే ఉంది. పుట్టపర్తి జనరల్ సీటులో దళితుడు నిలబడకూడదని ఏ చట్టమూ చెప్పలేదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, మళ్లీ గీతలు గీసే కాలం దగ్గర పడింది. 2027 జనగణన తర్వాత పునర్విభజన వస్తుంది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 175 నుంచి 225కు పెరగాలని విభజన చట్టంలోనే రాసి ఉంది. ఇప్పుడు ఎస్సీ సీట్లు 29. అదే నిష్పత్తి నిలిస్తే 37 దాకా రావాలి. అవి ఎక్కడ వస్తాయన్నది ఏ మండలాన్ని ఏ మండలంతో కలుపుతారన్న దాని మీద ఉంటుంది. మన జనం ఎక్కువున్న మూడు మండలాలను మూడు సీట్లకు పంచేస్తే, లెక్కలో మనం ఉంటాం, ఏ సీటులోనూ లెక్కకు రాం. పోయినసారి కమిషన్‌కు సలహాలిచ్చే అసోసియేట్ సభ్యులు రాష్ట్రానికి పదిమంది, అందరూ ఎంపీలు, ఎమ్మెల్యేలే. ముసాయిదా వేసి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ విచారణ పెట్టారు. తుది ఉత్తర్వును కోర్టులో ప్రశ్నించకూడదని చట్టంలో రాసి ఉంది. కాబట్టి మాట్లాడాల్సింది ముసాయిదా రోజుల్లోనే.

ఆ రోజు మైకు ముందు 'మాకు అన్యాయం జరిగింది' అంటే ఎవడూ రాసుకోడు. ఫలానా మండలంలో ఎస్సీలు ఇంతమంది, పక్క మండలంలో ఇంతమంది, ఈ రెండూ కలపండి అని కాగితం ఇస్తే నమోదు చేసుకోక తప్పదు. 2011 జనగణనలో ఊరి వారీగా ఎస్సీ జనాభా ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు తలా ఒక మండలం పట్టుకోండి. బుక్కపట్నం, ఓబుళదేవరచెరువు లెక్కతో నేను మొదలుపెడతా, వచ్చే భాగంలో పట్టికతో సహా పెడతా. గోరంట్ల, రొద్దం, సోమందేపల్లి ఎవరు తీసుకుంటారో చెప్పండి.