కుక్కల పందేలు.. చట్టం కోరలు

మూగజీవాలను ఒకదానిపైకి మరొకదాన్ని ఉసిగొల్పి, వాటి నెత్తుటి మీద డబ్బు కాసేవాడికి శిక్ష ఎంత ఉండాలి? మన దేశంలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం చెప్పే సమాధానం వింటే ముక్కున వేలేసుకోవాల్సిందే. మొదటిసారి పట్టుబడితే 10 నుంచి 50 రూపాయల జరిమానా! మూడేళ్ళలోపు మళ్ళీ దొరికితే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ.

ఈ విషయంలో అమెరికాలో జరిగిన ఒక కేసు మనకు ఎంతో నేర్పుతుంది. 2007 ఏప్రిల్‌లో వర్జీనియా రాష్ట్రంలోని సర్రీ కౌంటీలో ఒక ఇంటిని పోలీసులు సోదా చేశారు. వెళ్ళింది కుక్కల కోసం కాదు, మాదక ద్రవ్యాల కోసం. తీరా చూస్తే పెరట్లో 50కి పైగా కుక్కలు, వాటిని పరిగెత్తించే యంత్రాలు, రక్తపు మరకల తివాచీ కనిపించాయి. ఆ ఇల్లు మైకేల్ విక్‌ది. కోట్ల డాలర్లు ఆర్జిస్తున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. మొదట ఆయన తనకేమీ తెలియదన్నాడు, ఆ ఇంటికి తాను వెళ్ళేదే అరుదని చెప్పుకున్నాడు. అయితే సహనిందితులు ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు నేరం ఒప్పుకుని సాక్ష్యానికి సిద్ధపడటంతో ఆగస్టులో ఆయనా ఒప్పుకోక తప్పలేదు. పందేలకు డబ్బు పెట్టింది తానేనని, సరిగా పోరాడని ఆరు నుంచి ఎనిమిది కుక్కలను ఉరివేసి, నీట ముంచి చంపడానికి సమ్మతించానని అంగీకరించాడు.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఆ ముఠా పందేలు నడిపిన కాలంలో అమెరికా కేంద్ర చట్టం ప్రకారం కుక్కల పోరాటం చిన్న నేరమే. ఏడాదికి మించి జైలు లేదు. అందుకే ప్రభుత్వ న్యాయవాదులు కేవలం హింస కేసు పెట్టి ఊరుకోలేదు. రాష్ట్రాల సరిహద్దులు దాటి జూదం నడిపిన కుట్రగా అభియోగం మోపారు. దానికి అయిదేళ్ళ దాకా శిక్ష ఉంది. వారు సిఫారసు చేసింది 12 నుంచి 18 నెలలే అయినా, న్యాయమూర్తి హెన్రీ హడ్సన్ 2007 డిసెంబరులో 23 నెలలు విధించారు. పైగా కుక్కల పోషణకు 9 లక్షల డాలర్లకు పైగా విక్ చేతనే కట్టించారు. పోరాటపు కుక్కలు ఇక దేనికీ పనికిరావన్నవారి మాట కాదని, ఒక్కొక్కదాన్నీ విడిగా పరీక్షించగా 47 బతికి బయటపడ్డాయి.

ఆ తర్వాత అమెరికా చట్టమూ బిగిసింది. 2014 నుంచి ఇలాంటి పందెం చూడటానికి వెళ్ళడమూ నేరమే. పదహారేళ్ళలోపు పిల్లవాడిని వెంట తీసుకెళ్తే శిక్ష మూడేళ్ళ దాకా ఉంటుంది. ‘మావాడు పందెం కాయలేదు, చూసి వచ్చాడంతే’ అని సర్దిచెప్పుకునే తల్లిదండ్రులు మన ఇళ్ళలోనూ తక్కువేమీ లేరు.

జంతువులను పోరాటానికి పురికొల్పడాన్ని దైవప్రవక్త ముహమ్మద్ (స) నిషేధించినట్లు అబూదావూద్, తిర్మిజీ సంకలనాలలో ఉల్లేఖనం ఉంది. ఇక జూదం సంగతి చెప్పనే అక్కర్లేదు. కుక్కల పందెంలోనైనా, సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కత్తులు కట్టే కోడి పందెంలోనైనా ఈ రెండు పాపాలూ కలిసే ఉంటాయి.

మన సుప్రీంకోర్టు 2014 మేలో జల్లికట్టు కేసులో తీర్పునిస్తూ, జంతువులను మనుషుల మీదికి గానీ, మరో జంతువు మీదికి గానీ రెచ్చగొట్టకుండా చూడాలని జంతు సంక్షేమ బోర్డును ఆదేశించింది. శిక్షలు పెంచాలని పార్లమెంటుకు సూచించింది. 2022లో కేంద్రం ముసాయిదా ఒకటి జనం ముందు పెట్టింది కూడా. అయితే ఈలోగా ఉన్న చట్టాలతోనే చేయగలిగింది ఎంతో ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 112వ సెక్షన్ ప్రకారం, ముఠాగా చేరి అనధికార పందేలు, జూదం నడిపేవారికి ఏడాదికి తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలు పడుతుంది. వర్జీనియాలో అనుసరించిన దారి ఇలాంటిదే కదా!

పాత చట్టంలోనూ ఒక వెసులుబాటు ఉంది. పందెం నిర్వహించిన వాడినే కాదు, అందుకు స్థలం ఇచ్చిన వాడినీ, లోపలికి రానిచ్చి డబ్బు వసూలు చేసిన వాడినీ వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయవచ్చు. కాకపోతే ఆ చట్టం కింద కేసు మూడు నెలల్లోపే పెట్టాలి. సంక్రాంతికి తోట అద్దెకిచ్చిన ఆసామి మీద ఏప్రిల్ నెల సగం దాటాక కదిలితే, ఆ గడువు తీరిపోయే ఉంటుంది.