మత్స్యకన్య కథ - రెండు ముగింపులు

ప్రాచీన కథను తెరకెక్కించే వారికి దానిని మార్చుకునే స్వేచ్ఛ ఉంది. ఆ మార్పు వల్ల కథ ఏమి పొందిందో, ఏమి పోగొట్టుకుందో ఆలోచించవలసిన బాధ్యత ప్రేక్షకులది. 1989లో వాల్ట్ డిస్నీ సంస్థ నిర్మించిన 'ది లిటిల్ మెర్మెయిడ్' అనే యానిమేషన్ చిత్రం ఇటువంటి ఆలోచనకు తగిన ఉదాహరణ.

డెన్మార్క్ రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1837లో ఈ కథను ప్రచురించాడు. సముద్రగర్భంలో నివసించే రాజకుమార్తె, తుపానులో ఓడ మునిగి ప్రాణాపాయంలో పడిన ఒక రాజకుమారుణ్ణి ఒడ్డుకు చేరుస్తుంది. అతని ప్రేమనూ, మానవులకు మాత్రమే ఉండే అమరమైన ఆత్మనూ కోరి, తన మధుర కంఠాన్ని మంత్రగత్తెకు అర్పించి కాళ్లు పొందుతుంది. వేసే ప్రతి అడుగూ కత్తి అంచున వేసినట్లు బాధిస్తుంది. అయినా రాజకుమారుడు మరొక కన్యను వివాహమాడుతాడు. అతనిని చంపితే ఆమె తిరిగి మత్స్యకన్య కావచ్చు. అందుకోసం అక్కలు తమ కేశాలను మంత్రగత్తెకిచ్చి ఒక కత్తిని తెస్తారు. నిద్రిస్తున్న రాజకుమారుణ్ణి చూసి, ఆమె ఆ కత్తిని సముద్రంలోకి విసిరివేసి, తాను నురుగుగా మారడానికి సిద్ధపడుతుంది. ఆండర్సన్ ఆమెను అంతటితో విడిచిపెట్టలేదు. 300 సంవత్సరాల సత్కార్యాలతో ఆత్మను సంపాదించుకోగల వాయుకన్యల్లో ఆమెను చేర్చాడు.

రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్ దర్శకత్వం వహించిన చిత్రంలో పేరులేని ఆ కన్యకు ఏరియల్ అనే పేరు వచ్చింది. కొత్త లోకాన్ని తెలుసుకోవాలనే ఆమె కుతూహలం పిల్లల హృదయాలకు హత్తుకుంటుంది. హోవర్డ్ ఆష్‌మన్ గీతాలు, అలన్ మెంకెన్ స్వరాలు ఆ భావానికి ప్రాణం పోశాయి. ఉత్తమ సంగీతానికి, ఉత్తమ గీతానికి ఆస్కార్ పురస్కారాలు లభించాయి. ఇవన్నీ చిత్రం సాధించిన నిజమైన విజయాలు.

ముగింపును సుఖాంతం చేయడం కూడా తనంతట తాను దోషం కాదు. వాల్మీకి రామాయణంలో సీత భూమిలో ప్రవేశించగా, భవభూతి తన 'ఉత్తరరామచరితం'లో సీతారాములను తిరిగి కలిపాడు. దానివల్ల కరుణరసం తగ్గలేదు. కాబట్టి ఇక్కడ పరిశీలించవలసింది, ముగింపులో నిర్ణయం ఎవరి చేతిలో ఉన్నదనే అంశం.

ఆండర్సన్ కథలో దుష్టపాత్ర లేదు. మంత్రగత్తె ముందుగానే కష్టనష్టాలను వివరించి, అడిగిన మూల్యం తీసుకుంటుంది. రాజకుమారుడు కూడా ద్రోహి కాడు. తనను రక్షించినది ఎవరో అతనికి తెలియదు. కత్తి మత్స్యకన్య చేతిలో ఉంది, ఎవరూ ఆమెను ఆపడం లేదు. ఒక ప్రాణాన్ని తీసి తాను బ్రతకడమా, తాను నశించి ఆ ప్రాణాన్ని నిలపడమా అన్నది ఆమె ఒక్కతే తేల్చుకుంటుంది. చిత్రంలో చెడు అంతా ఉర్సులా అనే మంత్రగత్తెలో పోగుపడింది. ఆమెను ఓడతో ఢీకొని అంతం చేసేవాడు రాజకుమారుడు ఎరిక్. ఏరియల్‌కు తిరిగి కాళ్లు ప్రసాదించేవాడు తండ్రి ట్రైటన్. సాహసంతో ఇల్లు విడిచిన కన్య, కథ చివరికి ఇతరుల వల్ల సుఖాన్ని పొందుతుంది.

ఈ లోపాన్ని నిర్మాతలు కూడా గుర్తించినట్లే కనిపిస్తుంది. అదే సంస్థ 2023లో నటీనటులతో తీసిన చిత్రంలో ఓడను నడిపి ఉర్సులాను అంతం చేసేది ఏరియలే. నిర్ణయం ఆమెకు తిరిగి వచ్చింది. కానీ శత్రువును సంహరించడానికి కావలసిన ధైర్యం వేరు, ఆయుధాన్ని విసిరివేయడానికి కావలసిన ధైర్యం వేరు.

దుఃఖాంతాన్ని పిల్లలు భరించలేరనే భయంతో వారికి మూలకథను దూరం చేయడం సరికాదు. కోరినదంతా లభించకపోయినా మనిషి తన మంచితనాన్ని నిలుపుకోగలడని ఆ కథ చెబుతుంది. పెరిగే పిల్లలకు ఆ మాట ఏనాటికైనా అవసరమవుతుంది. చిత్రాన్ని చూసి ఆనందించిన పిల్లల చేతికి ఆండర్సన్ కథను కూడా అందించడం పెద్దల కర్తవ్యం.