హాజరు - పని

తరగతిలో హాజరు పిలుచునపుడు ఒకని పేరునకు మఱియొకడు "ప్రెజెంట్ సార్" అని పలుకుట మన కళాశాలలలో పాత విద్యయే. పట్టికలో గుర్తు పడును. బల్ల మాత్రము ఖాళీగనే యుండును. ఆ విద్య నేడు పెద్దల ఉద్యోగములలో క్రొత్త రూపము దాల్చినది.

2020 మార్చిలో కరోనా వలన దేశమంతట రాకపోకలు స్తంభించినపుడు లక్షలాది కంప్యూటరు ఉద్యోగులు ఇంటినుండియే పని సాగించిరి. వ్యాధి తగ్గిన పిమ్మట కొన్ని దినములు ఇంట, కొన్ని దినములు కార్యాలయమున పనిచేయు 'హైబ్రిడ్' పద్ధతి ఏర్పడినది. క్రమముగా నియమములు బిగిసినవి. 2023 అక్టోబరు నుండి వారమునకు ఐదు దినములు రావలెనని టి.సి.ఎస్. కోరినది. అమెజాన్ సంస్థ 2023 మే నెలలో మూడు దినములు, 2025 జనవరి నుండి ఐదు దినములు విధించినది.

ఉద్యోగులు దీనికెట్లు బదులు చెప్పిరి? కొందరు బాహాటముగనే చెప్పిరి. 2023 మే 31న సియాటిల్ నగరమున అమెజాన్ ఉద్యోగులు పని విడిచి వెలుపలికి వచ్చి నిరసించిరి. వారి ఫిర్యాదులలో ఈ నియమ మొకటి. కొందరు వేరు కొలువు వెదకుకొనిరి. పెక్కుమంది మౌనముగ లోబడిరి. మఱికొందరు ద్వారమువద్ద గుర్తింపుకార్డు తాకించి, ఒక కాఫీ త్రాగి, ఇల్లు చేరుట నేర్చిరి. దీనికి 'కాఫీ బ్యాడ్జింగ్' అను పేరు కూడ పుట్టినది.

ఇది నిజాయితీ కాదు. ఐనను, ఆ నియమమడిగినది కార్డు గుర్తు మాత్రమే, వారిచ్చినదియు అదియే. ఉప్పల్ నుండి గచ్చిబౌలికి వాహనముల రద్దీలో గంటకు పైగా ప్రయాణించి, అచ్చట చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని బెంగుళూరులోని సహోద్యోగితో మాటలాడవలసి వచ్చినవాడు, 'నన్నేల రమ్మనిరి?' అని అడుగక మానునా?

బస్సు కండక్టరు, నర్సు, ఉపాధ్యాయుడు ప్రతిదినము పోవుట లేదా అని కొందరందురు. నిజమే. కాని బడికేల రావలెనో ఉపాధ్యాయునకు ఎవరును నచ్చజెప్పనక్కరలేదు, పిల్లలచ్చట నున్నారు. కారణము కంటికి కనిపించుచున్నది.

కార్యాలయమునకును కారణము లేకపోలేదు. క్రొత్తగ చేరిన యువకుడు పెద్దల ప్రక్కన కూర్చుండి నేర్చునది దూరమునుండి నేర్వజాలడు. ఫోనులో పాఠము చెప్పుచు పిల్లవాని ముఖము కానక తల్లడిల్లిన అధ్యాపకులకు ఇది క్రొత్త సంగతి కాదు. ఐనను దానికి ఐదు దినములును వలయునా? చైనాలోని ట్రిప్.కామ్ సంస్థలో 1,612 మందిపై జరిగిన పరిశోధన 2024లో 'నేచర్' పత్రికలో వెలువడినది. వారమునకు రెండు దినములు ఇంట పనిచేసినవారి పనితనము తగ్గలేదు, పదోన్నతులు తగ్గలేదు. రాజీనామాలు మాత్రము మూడవవంతు తగ్గినవి.

కావున యజమాని దినములు లెక్కించుటకు ముందు కారణము చెప్పవలెను. కలసి చేయవలసిన పనికి అందఱు ఒకే దినమున వచ్చునట్లు ఏర్పాటు చేసి, తక్కిన దినములను పని ఫలితమును బట్టి విలువ కట్టవలెను. ఉద్యోగియు వచ్చిన దినమున కార్డును కాక తన్ను తాను అప్పగించవలెను. ప్రక్కనున్న చిన్నవానికి నాలుగు మాటలు నేర్పవలెను. లేనిచో, ఒకరు పట్టిక దిద్దుచు, ఒకరు పట్టికను ఏమార్చుచు, ఇరువురును పనిని మఱతురు.