కారు మీద మోజు సరే, చేసినోళ్ల సంగతేంది?

ఊళ్లె సెకండ్‌హ్యాండ్ కారు కొనాలంటే ముందుగాల మారుతే చూస్తరు. మైలేజ్ ఇస్తది, సామాన్లు యాడైనా దొరుకుతయి, అమ్మితే పైసలొస్తయి. ఈ నమ్మకం వెనుక జపాన్ సుజుకి ఉన్నది. 1909ల హమామత్సుల మగ్గాల కార్ఖానగ పుట్టి, 1955ల కార్లల్లకు దిగింది. 1982ల మన సర్కారుతోని ఒప్పందమైంది, 1983 డిసెంబర్ల మారుతి 800 రోడ్డెక్కింది. దాన్ని నడిపిన ఒసాము సుజుకి 2024ల పోయినంక పద్మవిభూషణ్ ఇచ్చిండ్రు. మంచిదే.

గని మానేసర్ ప్లాంట్ల కార్మికులు సొంత యూనియన్ కోసం 2011ల సమ్మె చేసిండ్రు. 2012 జులైల గొడవై ఒక మేనేజర్ పానం పోయింది, అది ఘోరమే. తర్వాత ఐదొందల మందికి పైన పర్మినెంట్ కార్మికుల కొలువులు ఊడినయి. అందరు గొడవ చేసిండ్రా? అడిగినోళ్లు తక్కువ.

తమ్మీ, ఐటీఐ చదివి రేపు గసొంటి ప్లాంట్లకు పోయేది మనోళ్లే. కారు మైలేజ్ అడిగే నోటితోనే కార్మికుని జీతం గూడ అడగాలె.