యూవీ అన్న మాట బిల్లు మీద ఉండాలి



ఈసారి గూళ్ళ రేటు గురించి కాదు, షెడ్డుకు కట్టే నెట్టు గురించి. రెండేళ్ళ కింద మా సిడ్లఘట్ట పక్క షెడ్డుకు పడమటి వైపు కొత్త షేడ్‌నెట్టు కట్టినాం. అంగడాయన "యూవీ సరుకు, అయిదేళ్ళు దాన్ని ముట్టే పని లేదు" అన్నాడు. నమ్మినాం. రెండో ఎండాకాలానికే చేత్తో పట్టుకుంటే అప్పడంలా విరిగింది. నాలుగో జ్వరం లేచిన పురుగులు తట్టల మీద ఉండగా ఒక మధ్యాహ్నం గాలికి చీలి, ఎండ నేరుగా లోపలికి పడింది. ఆ పంటలో గూళ్ళు పల్చగా వచ్చినాయి. అంగడికి పోయి అడిగితే బిల్లు చూపమన్నాడు. బిల్లులో "నెట్టు" అని మాత్రమే ఉంది.

అప్పట్నుంచి ఈ యూవీ సంగతి ఏందో తెలుసుకోవాలని పట్టుబట్టినాం. పాలిథీన్ అంటే పొడుగు గొలుసులు. ఎండలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆ గొలుసులను తెంపుతాయి. దాన్ని ఆపడానికి ప్లాస్టిక్ కరిగించేటప్పుడే కొన్ని సేంద్రియ రసాయనాలు కలుపుతారు. అందులో ఒక కుటుంబం బెంజోట్రయజోల్‌లు. దాని పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. సుమారు 300 నుంచి 400 నానోమీటర్ల మధ్య కిరణాలను ఆ అణువు మింగుతుంది. మింగగానే దానిలో ఆక్సిజన్‌కు అంటుకున్న హైడ్రోజన్ పక్కనున్న నత్రజని మీదికి దూకుతుంది, కిరణం శక్తిని వేడిగా వదిలి మళ్ళీ తన చోటికి వస్తుంది. కన్ను మూసి తెరిచేంత కూడా పట్టదు. మళ్ళీ కిరణం తగిలితే మళ్ళీ అదే పని. అయినా అది శాశ్వతం కాదు. మెల్లగా పైకి చేరి వానకు, ఎండకు పోతుంది, కొంత తానే చెడిపోతుంది.

ఇంకొక చిక్కు ఉంది. ఇది మందం ఉన్న చోటే బాగా కాపాడుతుంది, పైపొరకు అడ్డం ఏముంటుంది? మన నెట్టు దారం సన్నం. అందుకే మంచి కంపెనీలు హిండర్డ్ అమీన్ అనే ఇంకో రకం కూడా కలుపుతారు. అది కిరణాన్ని మింగదు, తెగిన గొలుసుల నుంచి పుట్టే చెడును అడ్డుకుంటుంది. కానీ క్లోరిన్, గంధకం ఉన్న మందులు తగిలితే దాని బలం తగ్గుతుంది. షెడ్డు శుద్ధికి మనం కొట్టేది బ్లీచింగే కదా! బ్లీచింగు మానమని కాదు, మానితే రోగాలు వస్తాయి. నెట్టు మీద పడకుండా కొట్టుకోవాలి, అంతే.

ప్లాస్టిక్ చంద్రికలదీ ఇదే కథ. వెదురు చంద్రికలను ఎండలో వేసే అలవాటు మన పెద్దలది, మంచిదే. ప్లాస్టిక్‌వి కూడా వారాల తరబడి మిద్దె మీద వదిలేస్తున్నాం. సూక్ష్మజీవిని చంపే ఆ కిరణమే ప్లాస్టిక్‌నూ చంపుతుంది. మందులో ముంచి, తడి ఆరేదాకా ఎండ చాలు.

ఈ కుటుంబంలోని యూవీ-328 అనే రసాయనాన్ని 2023లో స్టాక్‌హోం ఒప్పందం దేశాలు జెనీవాలో కూర్చొని, కొన్ని మినహాయింపులతో, తయారీ ఆపాల్సిన వాటిలో చేర్చినాయి. నేలలో, నీళ్ళల్లో చాలాకాలం ఉండిపోతుంది, ప్రాణుల ఒంట్లో చేరుతుందని. కుటుంబంలో ఒకడు చెడ్డోడైతే అందరినీ అనలేం. అయినా చిరిగిన నెట్టు ముక్కలను మల్బరీ తోటలో దున్నేయడం, పొయ్యిలో కాల్చడం మనం మానాల్సిందే. మా గట్ల మీద కూడా ఇంకా కొన్ని ఉన్నాయి, సిగ్గుగానే ఒప్పుకుంటున్నాం.

మా మాట ఇది: ఎన్ని మైక్రాన్‌లు, ఏ స్టెబిలైజర్ కలిపినారు, ఎన్నేళ్ళ పూచీ అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. ఒక్కరు అడిగితే నవ్వుతారు. అందుకే మా ఊళ్ళో ఎనిమిది ఇండ్లోళ్ళం కలిసి ఒకే అంగట్లో కొనబోతున్నాం. రాసి ఇవ్వనోడి దగ్గర కొనం. మీ పక్క ఎవరైనా అట్ల రాసిచ్చి ఉంటే, ఆ బిల్లు ఫోటో గ్రూపులో పెట్టండి. ఎట్ల రాయించాలో మాకూ తెలుస్తుంది.