పాత కంప్యూటర్, కొత్త విండోస్, మధ్యలో ఆపరేటర్

దీపావళికి నారాయణఖేడ్ వెళ్లినప్పుడు ఇంటి పని ఒకటి ఉండి ఒక సర్కారు ఆఫీసుకు పోవాల్సొచ్చింది. ఏ ఆఫీసో చెప్పను, అక్కడివాళ్లు మంచివాళ్లు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ అని తెలిసినప్పటి నుంచి అక్కడి ఆపరేటర్ నన్ను వదలడు. బళ్లో నాకంటే రెండేళ్లు చిన్న. చూడగానే కుర్చీ లాగాడు.

"అన్నా, దీని టైం అయిపోయిందని చూపిస్తుంది. కొత్త విండోస్ ఎక్కియ్యరాదే జర!"

పది నిమిషాల పనేగా అని కూర్చున్నా. ఆఫీసు మూసేదాకా లేవలేదు.

సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2015లో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కంప్యూటర్ ఏమీ ఆగిపోదు, మర్నాడు కూడా ఆన్ అవుతుంది. కొత్త కంత బయటపడితే పూడ్చేవాళ్లుండరు, అంతే. ఆ 'అంతే' ఎంత పెద్దదో 2017 మేలో చూశాం. వన్నాక్రై అనే వైరస్ ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగింది. దాన్ని ఆపే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లు, అప్పటికే సపోర్ట్ పోయిన పాత విండోస్ వాడుతున్నవాళ్లు దొరికిపోయారు. బ్రిటన్‌లో ఆస్పత్రులు ఆగాయి. మన పక్కన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి.

ఆ ఆఫీసులో మిషన్లు మూడు. మొదటిదాంట్లో చెక్ చేస్తే టీపీఎం 2.0 లేదంది. తాళంచెవులు దాచుకునే సెక్యూరిటీ ఏర్పాటు అది. నిజానికి ఉంది, బయోస్‌లో పీటీటీ అనే పేరుతో ఆఫ్‌లో పడుంది. ఆన్ చేశా. తమ్ముడి మొహం వెలిగింది. మళ్లీ చెక్ చేస్తే ఈసారి ప్రాసెసర్ పనికిరాదంది. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే విండోస్ 11 ఒప్పుకుంటుంది, ఇది ఆరోది. రెండో మిషనూ అంతే. మూడోది కొత్తది, సార్ టేబుల్ మీద ఉంటుంది. దాని మీద కవర్ తీసినట్టు కూడా లేదు.

చెక్‌ను దాటేసి ఎక్కించే అడ్డదారులు యూట్యూబ్‌లో బోలెడు. తమ్ముడు అప్పటికే ఒకటి డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాడు. నా సొంత లాప్‌టాప్ అయితే చేసేవాణ్నేమో. అలా ఎక్కించిన మిషన్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని కంపెనీయే చెబుతోంది. జనం కాయితాలుండే మిషన్‌లో ఆ పని చేయను. డబ్బు కట్టి సపోర్ట్ పొడిగించుకోవచ్చు. సంస్థలకైతే మిషన్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, రెండో ఏడు రెట్టింపు, మూడో ఏడు మళ్లీ రెట్టింపు. మొత్తం 427. దాంతో ఒక మామూలు కంప్యూటర్ కొత్తదే వస్తుంది.

మరి లినక్స్? నాకు ఇష్టమే, దాచడమెందుకు. కేరళ బడుల్లో ఏళ్లుగా అదే నడుస్తోంది. 2014లో ఎక్స్‌పీకి సపోర్ట్ ఆగినప్పుడు తమిళనాడు ప్రభుత్వం సి-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ వేసుకొమ్మని శాఖలకు చెప్పింది. ఆ మాటే అంటుంటే తమ్ముడు డెస్క్‌టాప్ మీదున్న ఒక ఫోల్డర్ తెరిచాడు.

పాత లెటర్లు, జాబితాలు. మనది మెదక్ జిల్లాలో ఉన్నప్పటివి కూడా. అన్నీ అను ఫాంట్లలో కొట్టినవే. ఒకటి నా లాప్‌టాప్‌లో వేసుకుని చూస్తే తెలుగు లేదు, ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగం. ఎందుకంటే అందులో ఉన్నది నిజంగా తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. ఫాంట్ పోతే బొమ్మ పోతుంది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి. కానీ అవి అక్కడక్కడ ఒత్తులు మింగేస్తాయి. కథల పుస్తకమైతే దిద్దుకుంటాం. లబ్ధిదారుల జాబితాలో ఒక పేరుకు ఒత్తు పోతే ఆ మనిషి ఎన్నిసార్లు తిరగాలో!

"వీటి కాపీ ఎక్కడుంది తమ్మీ?"

చొక్కా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి చూపించాడు.

"అది పోతే?"

"పోతే నా నౌకరి పోతదన్నా. నేను ఔట్‌సోర్సింగ్."

ఇక ఆ రోజు విండోస్ జోలికి పోలేదు. బజార్లోకి పోయి బయట పెట్టుకునే హార్డ్ డిస్క్ ఒకటి తెచ్చాం, తన జేబులోంచే. మొత్తం కాపీ చేశాం. ముఖ్యమైనవి పీడీఎఫ్‌లుగా మార్చాం. పీడీఎఫ్‌లో ఫాంట్ కూడా లోపలే ఉంటుంది కనుక ఏ మిషన్‌లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. మీ ఆఫీసులో ఇలాంటి ఫైళ్లుంటే అప్‌గ్రేడ్ కంటే ముందు ఈ పని చేయండి. పాత ఫైళ్ల మిషన్‌కు నెట్ వైరు పీకేశాం.

తర్వాత పైవాళ్లకు లెటర్. రెండు మిషన్లు కొత్త విండోస్‌కు పనికిరావు, మార్చాలి. అవి వచ్చేదాకా నెట్ పనికి సార్ టేబుల్ మీది కంప్యూటర్ ఇప్పించాలి. యూనికోడ్‌లోనే కొట్టాం. మొదటి ముక్క ఐదు నిమిషాల్లో అయింది. రెండోది ఎట్ల రాస్తే సార్‌కు కోపం రాదో తేల్చడానికి అరగంట పట్టింది.

హార్డ్ డిస్క్ బిల్లు ఆ లెటర్‌కే పిన్ను కొట్టి పెట్టాడు.