ఊరి గ్రూపు మగవాళ్ల సొంతమా?

"ఆడవాళ్లకు ఆ గ్రూపుల గోల ఎందుకు? చేర్చినా మాట్లాడరు, వాళ్లకు ఆసక్తి లేదు." తాడిమర్రి చుట్టుపక్కల ఊరి వాట్సాప్ గ్రూపులు నడిపేవాళ్ల నోట తరచూ వినపడే మాట ఇది. చదువుకున్నవాళ్లయితే ఇంకాస్త మర్యాదగా, "ఆడపిల్లలే జాగ్రత్తగా ఉండాలి, డీపీలో ఫోటో పెట్టకూడదు, ఎవడైనా విసిగిస్తే బ్లాక్ చేసేయాలి" అంటారు. రెండూ ఒకే వాదన. లోపమంతా ఆడవాళ్లలోనే ఉందట, గ్రూపులో మార్చాల్సింది ఏమీ లేదట. ఇది తప్పుడు వాదన.

ఆసక్తి లేనివాళ్లే అయితే పొదుపు సంఘంలో అన్ని మాటలు ఎక్కణ్నుంచి వస్తున్నాయి? అప్పు ముందు ఎవరికివ్వాలి, కంతు ఎవరు ఎగ్గొట్టారు, ఎందుకు ఎగ్గొట్టారు అని పదిమంది ముందు నిలదీసేది వీళ్లే. చెన్నేకొత్తపల్లి వైపు, 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ అండతో పెరిగిన మహిళా పొదుపు సహకార సంఘాలను నడిపిస్తున్నదీ పల్లె ఆడవాళ్లే. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వచ్చి కూర్చున్న ఆడవాళ్లు సారా అంగడి మీదికి వెళ్లారు. ఆ కదలిక జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో అమలైన సారా నిషేధానికి దారితీసింది. సారా బాధ ఆ బడికి ముందూ ఉంది. లేనిది, భయం లేకుండా కూర్చుని చెప్పుకునే చోటు.

మరి ఊరి గ్రూపు ఎలాంటి చోటు? ఒకామె చేరిన క్షణమే ఆమె నంబరు అందరికీ తెలిసిపోతుంది. అందులో 1024 మంది దాకా ఉండొచ్చు, సగం మంది మొహాలు కూడా ఆమె ఎరగదు. విత్తన చెనిక్కాయలు ఎప్పుడిస్తారని పగలు ఒక్క మాట అడిగితే, రాత్రి పదింటికి ఎవడో "తిన్నావా?" అని పలకరిస్తాడు. బదులివ్వకపోతే ఫోన్ చేస్తాడు. సంగతి ఇంట్లో తెలిస్తే వాడినెవరూ ఏమీ అనరు, ఈమె చేతిలోని ఫోన్ లాక్కుంటారు. డీపీ తీసేసినంత మాత్రాన నంబరు దాగదు. బ్లాక్ చేస్తే ఈమెకు వాడి పీడ వదులుతుంది, వాడు మాత్రం గ్రూపులోనే ఉండి ఇంకొకామెకు మెసేజ్ పెడతాడు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, మగవాళ్లు 48.8 శాతం. ఈ తేడాలో పేదరికం ఉంది, చదువు లేకపోవడం ఉంది. కానీ ఫోన్ అందాక కూడా నోరు మూసుకోవాల్సి రావడానికి కారణం మనం గ్రూపులు నడిపే తీరే.

"సభ్యుడు చేసినదానికి అడ్మిన్ ఏం చేస్తాడు? కోర్టే కాదంది కదా" అనేవాళ్లున్నారు. నిజమే. గ్రూపులో ఒక మహిళను బూతులు తిట్టిన సభ్యుణ్ని తీసెయ్యలేదని అడ్మిన్ మీద పెట్టిన కేసును 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం కొట్టేసింది. ఆ తీర్పు సరైనదే, ఒకడి బూతుకు మరొకణ్ని జైల్లో పెట్టకూడదు. కానీ జైలు తప్పిందంటే పని కూడా తప్పినట్టా? ఎవరి మెసేజ్ అయినా అందరికీ కనపడకుండా తొలగించే వీలు అడ్మిన్‌కు 2022 నుంచే ఉంది. మనిషిని తీసేసే వీలు అంతకు ముందే ఉంది. రాజకీయంగా గిట్టనివాణ్ని నిమిషంలో తీసేసే అడ్మిన్, ఆడవాళ్లను వేధించినవాడి దగ్గరికి వచ్చేసరికి "మనోడే, చెప్తాలే" అంటాడు. తీసేస్తే వాడితో, వాడి బంధువులతో మాట పోతుందని భయం. ఆమెను పోగొట్టుకోవడానికి మాత్రం ఏ భయమూ లేదు.

సంఘంలో మొదటి రోజే కట్టుబాట్లు రాసుకుంటారు, తప్పినవాళ్లకు జరిమానా వేస్తారు. ఊరి గ్రూపుకూ అలాంటి కట్టుబాటు ఒకటి చాలు: అడగకుండా ఆడవాళ్ల నంబరుకు మెసేజ్ పెట్టినవాడు ఆ రోజే బయటికి పోవాలి, ఎందుకు పోయాడో అందరికీ తెలియాలి. అడ్మిన్లలో ఒకరిద్దరు ఆడవాళ్లు ఉండాలి, ఫిర్యాదు వాళ్లకు చెప్పుకోవచ్చు.

అంత తంటా ఎందుకు, ఆడవాళ్లకు వేరే గ్రూపు పెట్టిద్దామని కొందరు పెద్దమనసుతో అంటున్నారు. పెట్టుకోనీండి, మంచిదే. కానీ ట్యాంకరు ఏ వీధికి వస్తుందో, కరెంటు ఎప్పుడు పోతుందో, పంటల బీమాకు ఆఖరి రోజేదో ఆ గ్రూపులో రావు. అవన్నీ పెద్ద గ్రూపులోనే వస్తాయి. నీళ్లు పట్టేదీ, చేలో కలుపు తీసేదీ ఆమె అయినప్పుడు, ఆ కబురు ఆమెకు మొగుడి ఫోన్లోంచి, అదీ అతనికి గుర్తొచ్చినప్పుడు అందడం ఏ న్యాయం?